విత్తనాల బస్తా మీద ఉన్న ప్రశ్న

సార్వా నారుమళ్లు పోసే రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఏ రైతు ఇంటి అరుగు మీద చూసినా విత్తనాల బస్తా ఒకటి కనిపిస్తుంది. దాని మీద ‘ఎంటీయూ’ అన్న అక్షరాలు, పక్కన కొన్ని అంకెలు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఎదురైతే నేను మొదట అడిగేది దాని గురించే. ఎంటీయూ అంటే ఏమిటి? అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఎక్కడుందంటే ఫిలిప్పీన్స్ అని తడుముకోకుండా చెప్పేవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. ఎంటీయూ అంటే మార్టేరు. పశ్చిమగోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని ఊరు. అక్కడి వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన రకాలకు ఆ ఊరి పేరే ఇంటిపేరు.

అందులో ఎంటీయూ 7029ని రైతులు ‘స్వర్ణ’ అంటారు. 1982లో విడుదలైంది. వశిష్ఠ అనే రకాన్నీ మసూరినీ సంకరం చేసి తీశారు. మసూరి మలేసియా నుంచి వచ్చిన రకం. స్వర్ణ మన డెల్టాలో ఆగలేదు. ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ పొలాల దాకా పోయింది. దిగుబడి బాగుంది గానీ వరదలో మునిగితే కుళ్లిపోయేది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఏ అనే పాత నాటురకంలో మునకను తట్టుకునే జన్యువు ఉందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దాని పేరు సబ్1. ఆ జన్యువును ఫిలిప్పీన్స్ సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణలోకి తెచ్చారు. జన్యుమార్పిడి చేసి కాదు. మామూలు సంకరమే చేస్తూ, ఏ మొక్కలో ఆ జన్యువు ఉందో డీఎన్ఏ గుర్తుల ద్వారా పోల్చుకుంటూ వెళ్లారు. అలా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా నీట మునిగినా మళ్లీ చిగురిస్తుంది.

అరుగు మీది బస్తా దగ్గర నిలబడితే వ్యవసాయం, జీవశాస్త్రం, విపత్తు నిర్వహణ, అంతర్జాతీయ సంస్థలు అన్నీ ఒక్క తాడుకే కట్టి ఉన్నాయి. కోచింగ్ మెటీరియల్‌లో ఇవే నాలుగు వేరువేరు పేజీల్లో నాలుగు బిట్లుగా ఉంటాయి. బట్టీపట్టిన బిట్టు పరీక్ష హాల్లో గుర్తొస్తే వస్తుంది, లేకపోతే లేదు. తాడు పట్టుకున్నవాడికి ఒక కొస దొరికితే చాలు, రెండో కొస చేతికొస్తుంది. డెల్టాలో పుట్టిన పిల్లలకు ఇలాంటి తాళ్లు కాలువ గట్ల మీదా రేవుల్లోనూ దొరుకుతాయి. వాటిని వదిలేసి వేరే ఊళ్లో అచ్చయిన బిట్ బ్యాంకును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వల్లెవేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ఎవరు ఎన్ని మార్కులు అడుగుతారు

ముందు లెక్క తెలియాలి. 2023 డిసెంబరు నోటిఫికేషన్ నుంచి ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్ష 150 మార్కులకు జరుగుతోంది. భారతదేశ చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన వ్యవహారాలు, మెంటల్ ఎబిలిటీ, ఒక్కోదానికి 30. మెయిన్స్‌లో రెండు పేపర్లు, ఒక్కోటి 150. మొదటిదాంట్లో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకు 75, రాజ్యాంగానికి 75. రెండోదాంట్లో ఆర్థిక వ్యవస్థకు 75, శాస్త్ర సాంకేతిక విషయాలకు 75. రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశలో 100 ప్రశ్నలకు 40 జనరల్ అవేర్‌నెస్ నుంచే వస్తాయి, రెండో దశలో 120కి 50. ఎస్ఎస్‌సీ సీజీఎల్ మొదటి అంచెలో 100కి 25. పద్ధతులు మారుతుంటాయి కాబట్టి మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లో ఉన్నదే చివరి మాట.

ఈ అంకెల్లో ఒక విషయం చూడండి. గ్రూప్-2 స్క్రీనింగ్‌లో వర్తమాన వ్యవహారాలకు ఐదో వంతు మార్కులే. అయినా మన పిల్లలు రోజులో సగం సమయం ఫోన్లో కరెంట్ అఫైర్స్ వీడియోల మీదే పెడుతున్నారు. ఏ దేశానికి కొత్త ప్రధాని వచ్చాడో, ఏ అవార్డు ఎవరికి వెళ్లిందో ఆర్నెల్లలో పాతబడిపోతుంది. చరిత్ర, భూగోళం, రాజ్యాంగం ఒకసారి గట్టిగా పట్టుబడితే మీరు రాసే ప్రతి పరీక్షకూ పనికొస్తాయి. రోజుకో దినపత్రిక, నెలకో కరెంట్ అఫైర్స్ పత్రిక చాలు. మిగిలిన సమయం గట్టి నేల మీద పెట్టండి.

ధవళేశ్వరం దగ్గర

రాజమహేంద్రవరంలో ఉండి చదువుకునే పిల్లలు ఒక ఆదివారం ధవళేశ్వరం వెళ్లి రావాలి. కాటన్ మ్యూజియం అక్కడే ఉంది. 1833 కరవు, 1839లో కోరంగిని ముంచిన తుపాను, ఆ తర్వాత 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట, ఈ మూడింటినీ ఒక వరసలో చూస్తే ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను ఈ జిల్లాలు ఎందుకు దేవుడిలా కొలుస్తాయో అర్థమవుతుంది. ఆనకట్ట నాలుగు ముక్కలుగా ఉంటుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నది మధ్యలో లంకలు ఉండటం వల్ల అలా వచ్చింది. ఇప్పుడున్న బ్యారేజీ 1970లో మొదలై 1982లో పూర్తయింది. దాని కిందనుంచే గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య మిగిలిన నేలే కోనసీమ. డెల్టా ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి పుస్తకాల్లో నైలు నది బొమ్మ వేస్తారు. మీకు ఆ బొమ్మ అవసరం లేదు.

వరదల కాలంలో టీవీలో వినే అంకెలు కూడా చదువే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం దగ్గర 43, 48, 53. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ సంవత్సరం పేరు చెబితే ఇప్పటికీ లంక గ్రామాల పెద్దవాళ్ల గొంతు మారుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. రోజుకు 86,400 సెకన్లు. 35 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 302 టీఎంసీలు. పోలవరం జలాశయం నిండా పడితే 194.6 టీఎంసీలు. ఆనాటి వరద ఒక్క రోజులో పోలవరం లాంటి జలాశయాన్ని నింపి, ఇంకా సగం నింపేంత నీరు తెచ్చిందన్నమాట. ఈ లెక్క ఒక్కసారి మీ చేత్తో వేస్తే క్యూసెక్కుకూ టీఎంసీకీ తేడా జన్మలో మరిచిపోరు.

పోలవరం మాట వచ్చింది కాబట్టి, దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం, 90వ సెక్షన్. గోదావరి జలాల మీద రాష్ట్రాల మధ్య పంపకం చేసింది బచావత్ ట్రిబ్యునల్, తుది తీర్పు 1980లో. భూగోళంలో మొదలైన ప్రశ్న రాజ్యాంగంలోకి ఎలా నడిచిపోతుందో చూడండి. అంతర్రాష్ట్ర జలవివాదాల గురించి చెప్పేది 262వ అధికరణ.

యానాం పిన్‌కోడు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన తాడు యానాం. ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటితే అటువైపు బళ్ల నంబరు ప్లేట్లు పీవై 04 అని మారతాయి. అది పుదుచ్చేరి. పుదుచ్చేరి పట్టణం పిన్‌కోడు 605తో మొదలవుతుంది. యానాం పిన్‌కోడు 533464, అంటే చుట్టూ ఉన్న మన కోనసీమ, కాకినాడ ఊళ్ల వరసే. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరు అంకెల్లో మొదటిది తపాలా జోన్‌ను, మొదటి మూడూ కలిసి ఉత్తరాలు వేరుచేసే జిల్లాను చెబుతాయి. ఉత్తరం బట్వాడా చేసే దారిని బట్టి అంకె ఇచ్చారు గానీ ఎవరి పాలనలో ఉందన్నదాన్ని బట్టి కాదు. పరీక్ష పెట్టేవాళ్లకు ఇలాంటి తిరకాసులంటే ఇష్టం.

అసలు ఆంధ్ర మధ్యలో పుదుచ్చేరి ముక్క ఎందుకుంది? 1723లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరున్న చందుర్తి వద్ద ఇంగ్లిషువాళ్ల చేతిలో ఓడిపోయారు. మరుసటి సంవత్సరం మచిలీపట్నం పోయింది. దాంతో ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచి పట్టు సడలింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, ఆ రెండింటితో సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. 1763 పారిస్ సంధి ఫ్రెంచివాళ్లకు వాళ్ల వర్తక స్థావరాలను మాత్రం తిరిగి ఇచ్చింది. యానాం అలా మిగిలింది. పుస్తకాల్లో కర్ణాటక యుద్ధాలను మద్రాసు, ఆర్కాటు, వందవాసిల కథగా చదువుతారు. అందులో ఒక అధ్యాయం గొల్లప్రోలు దారిలో జరిగిందని చాలామందికి పట్టదు.

కథ అక్కడితో అయిపోలేదు. 1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదు. అది బ్రిటిషు చట్టం, యానాంలో చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి బళ్లు కట్టుకుని వెళ్లి బాల్యవివాహాలు అక్కడ జరిపించేవారు. యానాంకు కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. చట్టపరిధి అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. అదే సమయంలో ఆ బళ్లలో వెళ్లిన చిన్నపిల్లల ముఖాలు తలుచుకుంటే, వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం ఎందుకు జరిపించాల్సి వచ్చిందో కూడా తెలిసొస్తుంది. రెండూ ఒకే గాయానికి సంబంధించినవి.

తర్వాత 1954 నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత్ చేతికి వచ్చింది. 1956 మేలో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం ఆలస్యమై చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. రాజ్యాంగంలోకి చేర్చింది అదే సంవత్సరం వచ్చిన 14వ సవరణ. 1954 నవంబరు 1నీ, ఆంధ్రప్రదేశ్ పుట్టిన 1956 నవంబరు 1నీ కలిపేసుకుని మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. మీరు ఆ జాబితాలో ఉండకండి.

ఇద్దరు మనుషులు

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే చాలామంది ‘ఏటీపీ’ అని ఊరుకుంటారు. నాకు ఆయన పేరు వింటే బోదకాలు మాత్ర గుర్తొస్తుంది. క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే ఆ జబ్బు మన డెల్టా ఊళ్లను తరతరాలు వేధించింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర, ఆయన అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలకు పరిశోధన డైరెక్టరుగా ఉన్నప్పుడు ఆ బృందం వెలికితీసిందే. సోదరుడు స్ప్రూ జబ్బుతో చనిపోయిన బాధ ఆయన మనసులో ఉంది. ఆ జబ్బుకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందమూ ఆయనదే. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. 1948లో 53 ఏళ్లకే పోయారు. విటమిన్లు, దోమల ద్వారా వచ్చే జబ్బులు, కణంలో శక్తి, యాంటీబయాటిక్స్, ఇన్ని పాఠాలకు ఈయన జీవితం ఒక్కటే మేకు. వాటన్నిటినీ దానికి తగిలించుకోండి.

రెండో మనిషి దుర్గాబాయి. 1909 జులై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది, అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ 14 ఏళ్ల దుర్గాబాయి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేశారు. తర్వాత ఆవిడ రాజ్యాంగ సభకు వెళ్లారు. ఆ సభలో ఉన్న 15 మంది మహిళల్లో ఒకరు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. అదే ఏడాది సి.డి.దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. కాకినాడ వీధిలో మొదలైన తాడు రిజర్వు బ్యాంకు దాకా వెళ్లింది. ఒక్క మాట: ఈ జిల్లాల్లో పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలు దుర్గాబాయి గారి ఆత్మకథ సంపాదించి చదవాలి. పరీక్ష కోసమే కాదు.

ఊరి పేరు మీద వచ్చిన గుర్తింపుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చట్టం 1999 నాటిది, కార్యాలయం చెన్నైలో, దేశంలో మొదట దక్కించుకున్నది డార్జిలింగ్ టీ. పంచారామాల్లో నాలుగు, ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, మన దగ్గరే. ఐదోది అమరావతి.

బిట్లలో తప్పులు

అచ్చులో ఉన్నదల్లా నిజం కాదు. మన జాతీయ క్రీడ హాకీ అని ఇప్పటికీ పుస్తకాలు వేస్తున్నారు. ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్రమే జవాబిచ్చింది. తొలి తెలుగు నవల ఏదంటే వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము అంటాం. అది 1878లో వచ్చింది. 1872లోనే నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన శ్రీరంగరాజ చరిత్ర ఉంది. కాబట్టి ప్రశ్నలో ‘తొలి నవలగా ప్రసిద్ధి పొందినది’ అన్నారా, ‘ముందుగా వెలువడినది’ అన్నారా అన్నది పదం పదం చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ నోట్సులో జిల్లాల సంఖ్య పక్కన తేదీ వేయండి. తేదీ లేని అంకెను నోట్సులో ఉంచకూడదు. పదవులు, జనాభా, ధరలు, ప్రాజెక్టుల గడువులు అన్నిటికీ ఇదే పద్ధతి.

ప్రాథమిక కీ వచ్చినప్పుడు అభ్యంతరాలు పంపే గడువు కొద్ది రోజులే ఉంటుంది. అప్పుడు పనికొచ్చేది బిట్ బ్యాంకు కాదు, ప్రభుత్వ ప్రచురణ, పాఠ్యపుస్తకం, తెలుగు అకాడమీ పుస్తకం. ఆ రుజువు పేజీ నంబరుతో సహా మీ నోట్సులో ఉంటే ఒక్క మార్కు దక్కవచ్చు. కటాఫ్ దగ్గర ఒక్క మార్కు విలువ ఎంతో అక్కడ ఆగిపోయినవాళ్లను అడగండి.

తెలియని ప్రశ్న ఎదురైతే

ఏపీపీఎస్సీలోనూ రైల్వేలోనూ తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లున్న 12 ప్రశ్నలు మీకు బొత్తిగా తెలియవనుకోండి. గుడ్డిగా పెడితే సగటున 3 ఒప్పు, 9 తప్పు. మూడు వచ్చాయి, మూడు పోయాయి, మిగిలింది సున్నా. ప్రతి ప్రశ్నలోనూ ఒక్క ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగితే సగటున 4 ఒప్పు, 8 తప్పు, మిగిలేది 1.33. రెండేసి కొట్టేయగలిగితే 6 ఒప్పు, 6 తప్పు, మిగిలేది 4 మార్కులు. అరకొరగా తెలిసిన విషయానికి కూడా ఇంత విలువ ఉంది. యానాం కథ తెలిసినవాడికి 14వ సవరణ నంబరు గుర్తు రాకపోయినా, అది 1962 నాటిదని తెలుసు కాబట్టి 42వ సవరణనూ 73వ సవరణనూ వెంటనే కొట్టేస్తాడు. బిట్టు బట్టీపట్టినవాడికి ఆ వీలు లేదు.

ఇక నోట్సు. సబ్జెక్టుల వారీ నోట్సు మీకు ఎలాగూ ఉంటుంది. దానితోపాటు ఒక రెండు వందల పేజీల పుస్తకం కొని ఊళ్ల వారీగా రాయండి. ఒక్కో ఊరికి రెండు పేజీలు. కోరంగి, కొల్లేరు, కడియం, అంతర్వేది, మొగల్లు, పాశర్లపూడి. పాశర్లపూడి అంటే 1995 జనవరి 8న ఎగసి 65 రోజులు ఆరని మంట. దాని కింద కేజీ బేసిన్, ఓఎన్‌జీసీ, సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్. మొగల్లు అంటే అల్లూరి. దాని కింద 1922 ఆగస్టు 22 చింతపల్లి స్టేషను దాడి, 1924 మే 7న ఆయన మరణం, కొండల్లో పోడు మీద పెట్టిన ఆంక్షలు, ఐదో షెడ్యూలు. కొల్లేరు అంటే 2002లో వచ్చిన రామ్‌సార్ గుర్తింపు. రామ్‌సార్ ఇరాన్‌లోని ఊరు, ఒప్పందం 1971. రాయడానికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. రాజమహేంద్రవరంలో ఉంటే నూరేళ్లు దాటిన గౌతమీ గ్రంథాలయం ఉంది, పల్లెలో ఉంటే శాఖా గ్రంథాలయంలో పాత పాఠ్యపుస్తకాలు అడగండి. వారానికి ఒక పాత ప్రశ్నపత్రం రాసి, తప్పుపోయిన ప్రతి ప్రశ్ననూ ఈ పుస్తకంలో ఏ ఊరి కింద చేర్చగలరో చూడండి.

మొదటి రెండు పేజీలు మీ ఊరికే వదలండి. మీ ఊరి కాలువ తూర్పు డెల్టాదా, మధ్య డెల్టాదా, పశ్చిమ డెల్టాదా? దానిమీద మీకు దగ్గర్లో ఉన్న లాకు ఏది, ఎప్పుడు కట్టారు? ఒకప్పుడు ఆ కాలువలో పడవలు ఎక్కడిదాకా వెళ్లేవి, ఏం మోసేవి? కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా వెళ్లే నాలుగో జాతీయ జలమార్గంలో అది కలుస్తుందా? మీ ఊరి చేలో ఈ సార్వాకు ఏ ఎంటీయూ నంబరు వేశారు?